ఎవరు దింపుతారు?

"ఎవరు దింపుతారమ్మా?"

మధురపూడిలో విమానం దిగి ఫోన్ తెరిచేసరికి మావయ్య అడిగిన మొదటి మాట ఇది. "ఎలా వస్తావు?" అని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకీ మధ్య ఎంత దూరం ఉందో రాజమండ్రి విమానాశ్రయం బయట సూట్‌కేసు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఆలోచించాను. ఎలా వస్తావు అని అడిగితే దారి నేను ఎంచుకుంటాను. ఎవరు దింపుతారు అని అడిగితే ఎవరో ఒకరు నన్ను ఎక్కించుకోవాలి, ఇంకెవరికో అప్పగించాలి. ముప్పై ఏడేళ్ల వయసూ, ఒక డాక్టరేటూ, తొమ్మిదేళ్ల ఉద్యోగం ఉన్నా సరే, గోదావరి జిల్లాలో అడుగు పెట్టగానే నేను దింపవలసిన మనిషినైపోతాను.

2025 సెప్టెంబరులో ఒక శనివారం. సాయంత్రం నాలుగు కావస్తోంది. నేను వెళ్లవలసింది యానాం. మా అమ్మమ్మ అక్కడ మావయ్య దగ్గర ఉంటోంది. ఆమెకి ఎనభై ఎనిమిదేళ్లు. వాళ్లమ్మ, అంటే మా తాతమ్మ, పెళ్లి గురించి ఆమె చెప్పే మాటలు రికార్డు చేసుకోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఈ మధ్య అమ్మమ్మ పేర్లు మర్చిపోతోందని అత్త చెప్పాక ఇక ఆగకూడదని బయల్దేరాను.

ఇంకో పని కూడా ఉంది. నిజానికి అదే పెద్ద పని. మావయ్య కూతురు డిగ్రీ పూర్తి చేసింది. రాజమండ్రిలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సోమవారం లోపల ఫీజు కట్టి చేరాలి. "హాస్టలు వద్దు, రోజూ వెళ్లి రావడం కుదరదు, ఎవరు దింపుతారు, ఎవరు తీసుకొస్తారు" అని ఇంట్లో పదిరోజులుగా గొడవ. పిల్ల నాకు రాత్రిపూట మెసేజీ పెట్టింది. "వదినా, నువ్వు ఒంటరిగా అంత దూరం నుంచి వస్తావు కదా. నిన్ను చూస్తే నాన్న మారతాడేమో." ఆ మెసేజీ చదివాక నా ప్రయాణం నా ఒక్కదానిదీ కాకుండా పోయింది. నేను ఎందులో వెళ్తానో, ఎన్ని గంటలకి చేరతానో, దారిలో ఏం జరుగుతుందో, అన్నీ ఆ పిల్ల చదువుకి సాక్ష్యాలవుతాయి. నాకు ఏదైనా అయిందా, ఆమె ఎమ్మెస్సీ అయిపోయినట్టే.

అందుకే విమానాశ్రయం బయట అంతసేపు నిలబడ్డాను.

*

నాలుగు దారులున్నాయి. ఒకటి, విమానాశ్రయం దగ్గరే కారు మాట్లాడుకుని తిన్నగా యానాం. డ్రైవరు రెండు వేల ఎనిమిది వందలు చెప్పాడు. రెండు, ఊళ్లోకి వెళ్లి కడియం, ద్వారపూడి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వెళ్లడం. దగ్గర దారే కాని బస్సులు మారాలి. చీకటి పడ్డాక చివరి పదీ పదిహేను కిలోమీటర్లకి ఆటోనే గతి. మూడు, రావులపాలెం, అమలాపురం, ముమ్మిడివరం తిరిగి ఎదుర్లంక వంతెన దాటడం. గౌతమి మీద 2002లో తెరిచిన ఆ వంతెనకి బాలయోగి పేరు పెట్టారు. అంతకు ముందు అక్కడ పంటి మీద దాటేవాళ్లు. పగలైతే కోనసీమ అంతా చూసుకుంటూ వెళ్లొచ్చు గాని అది చుట్టు దారి. నాలుగు, రాజమండ్రి కాంప్లెక్సులో కాకినాడ బస్సెక్కి, కాకినాడలో మళ్లీ యానాం మీదుగా వెళ్లే బస్సెక్కడం. దూరం ఎక్కువ, సమయం ఎక్కువ, జనం కూడా ఎక్కువ.

ఐదోది మావయ్య చెప్పాడు. "మన వీధిలో షాపాయన తమ్ముడూ, ఇంకో ఇద్దరూ రాజమండ్రి నుంచి ఇటే వస్తున్నారమ్మా. శనివారం కదా. ఏసీ కారు. మనవాళ్లే. నిన్ను ఇంటి గుమ్మంలో దింపేస్తారు."

శనివారం కదా! ఆ ఒక్క మాటకి గోదావరి జిల్లాల వాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. ఇతర ప్రాంతాల పాఠకుల కోసం చెబుతాను. యానాం ఆంధ్రప్రదేశ్ కాదు. చుట్టూ మన జిల్లాలే ఉన్నా అది పుదుచ్చేరిలో భాగం. సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల, రాజధాని చూస్తే ఎనిమిది వందల కిలోమీటర్లకి పైగా దూరం. ఫ్రెంచివాళ్లు 1954లో వదిలి వెళ్లారు. అక్కడి పన్నులు వేరు కాబట్టి మందు చవక. అంచేత వారాంతాల్లో ఇటు కాకినాడ నుంచీ, అటు అమలాపురం నుంచీ, రాజమండ్రి నుంచీ కూడా మగవాళ్లు కార్లూ మోటారు సైకిళ్లూ వేసుకుని యానాం వెళ్తారు. ఊళ్లో వరసగా వైన్‌షాపులు. మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు ఉంటుంది గాని లోపల బ్రాందీ, విస్కీ, బీరు తప్ప ద్రాక్ష సారా అడిగేవాడెవడు?

ఆ మాటకి నాకు 2023 గుర్తొచ్చింది. ఆ ఏడాది శరదృతువులో ఒక సదస్సుకి ఫ్రాన్సులో బోర్దో వెళ్లాను. అది నిజంగా వైన్ ప్రాంతం. విమానాశ్రయంలో దిగితే అక్కడినుంచి ఊళ్లోకి ట్రాము ఉంది, అదే ఏడాది ఏప్రిల్లో కొత్తగా వేశారు. ఊళ్లోంచి సెంతెమిలియోఁ అనే ద్రాక్షతోటల ఊరికి రైలు. స్టేషన్లో దిగాక తోటల మధ్య నడక. అక్కడికి ఏ బండి మీద వెళ్లాలో నాకు చెప్పినవాళ్లంతా రెండే రెండు సంగతులు చెప్పారు, ఎంతసేపు పడుతుందో, ఎంత అవుతుందో. కారైతే తాగనివాళ్లు ఒకరు ఉండాలి అన్నారు, అంతే. ఎవరు దింపుతారు అని ఒక్కరూ అడగలేదు. ద్రాక్షతీగల మధ్య ఆ మట్టిదారిలో సాయంత్రం ఒక్కదాన్నీ నడుస్తుంటే, ఇలా నడిచి ఎన్నాళ్లైంది అనిపించింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఈ మాట చెబితే అక్కడి స్నేహితురాలొకామె నవ్వి, "నేనూ రాత్రి ఇంటికి నడిచేటప్పుడు తాళాలు వేళ్ల మధ్య పట్టుకునే నడుస్తాను" అంది. కాబట్టి ఆ దేశం ఆడవాళ్లకి స్వర్గమని చెప్పడం లేదు. భయం అక్కడా ఉంది. కాని ఆ భయం ఆమె చేతిలో తాళంగా ఉంది. మా ఇంట్లో మావయ్య చేతిలో ఉంది. అదీ తేడా.

*

మావయ్య చెప్పిన కారు ఎందుకు వద్దన్నానో ఆయనకి చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

2011లో పీహెచ్‌డీలో చేరిన కొత్తలో పాత పత్రికలు చూడడానికి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వచ్చాను. తిరిగి వెళ్లే రోజు ఆలస్యమైంది. నాన్నకి బాగా తెలిసినాయన, మా అమ్మని 'చెల్లెమ్మా' అని పిలిచే మనిషి, "నేను అటే వెళ్తున్నాను, అమ్మాయిని దింపేస్తాను" అన్నాడు. ఇంట్లో అందరూ నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ కారులో నలభై నిమిషాలు గేరు మార్చినప్పుడల్లా అతని చెయ్యి ఎక్కడ పడిందో, నేను తలుపుకి ఎంతగా అంటుకుపోయి కూర్చున్నానో రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. గుమ్మంలో దిగాక అమ్మ అతనికి కాఫీ ఇచ్చింది. "మీరుండబట్టి సరిపోయింది అన్నయ్యగారూ" అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. భయపడి కాదు, సిగ్గుపడీ కాదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అతన్ని ఇంటికి రానివ్వడం మానేస్తారు, నన్ను ఇంట్లోంచి కదలనివ్వడం మానేస్తారు. అతనికి ఒక ఇల్లు పోతుంది, నాకు పీహెచ్‌డీ పోతుంది. ఈ లెక్క వేసుకోని ఆడపిల్ల ఉంటుందా? మనలో ఎంతమంది చదువులు ఇలా నోరు మూసుకోబట్టి పూర్తయ్యాయో ఎవరైనా లెక్క కడితే బాగుండును.

మావయ్య భయం అబద్ధం కాదు. ఆయన మంచివాడు. కూతురంటే ప్రాణం. బస్సు మాటెత్తితే 2012 డిసెంబరు ఢిల్లీ గుర్తు చేస్తాడు. క్యాబ్ అంటే 2013లో హైదరాబాదులో కారెక్కిన అమ్మాయి కథ చెబుతాడు. బండి కొనిపెట్టమంటే 2019లో శంషాబాద్ టోల్‌గేటు దగ్గర స్కూటరు ఆపుకున్న డాక్టరమ్మ సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంటాడు. ప్రతి బండికీ ఆయన దగ్గర ఒక భయంకరమైన కథ ఉంది, అన్నీ నిజంగా జరిగినవే. లేనిదల్లా 'మనవాళ్ల' కారు కథ. ఎందుకంటే అది చెప్పాల్సినవాళ్లం మేమే, మేం చెప్పలేదు. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాల నివేదికలు ఏటేటా చెబుతూనే ఉన్నాయి. అయినా ఇంట్లో పెద్దలు తెలియనివాళ్లని చూసి భయపడి మనల్ని తెలిసినవాళ్లకి అప్పగిస్తూనే ఉన్నారు.

"లేదు మావయ్యా, బస్సులో వస్తాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "పొద్దుపోతుంది కదమ్మా" అన్నాడు చివరికి.

*

ఆటోలో కాంప్లెక్సుకి వెళ్తూ తాతమ్మ గురించి ఆలోచించాను. ఆమె కూడా యానాం ప్రయాణం చేసింది. ఆమెని ఎవరూ అడగలేదు.

బాల్యవివాహాలని అడ్డుకునే శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండాలన్నారు. కాని ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకి. గోదావరి ఒడ్డునే ఉన్నా ఫ్రెంచి యానాంలో అది చెల్లదు. ఇంకేముంది, పెళ్లిబృందాలన్నీ యానాం దారి పట్టాయి. ఎన్ని పెళ్లిళ్లు జరిగాయంటే ఊరికి 'కల్యాణపురం' అని పేరొచ్చింది. వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో, ఈ రాజమండ్రిలోనే. చిన్నపిల్లలకి పెళ్లిళ్లు చెయ్యబట్టే కదా అంతమంది చిన్నపిల్లలు వితంతువులయ్యారు! అలాంటి రాజమండ్రికి ఒక పూట ప్రయాణంలో, యాభై ఏళ్ల తర్వాత, పసిపిల్లల పెళ్లిళ్ల కోసం ఒక ఊరు తయారైంది.

మా తాతమ్మకి 1931లో తొమ్మిదేళ్లు. రామచంద్రపురం దగ్గర ఒక పల్లె. కాటన్ ఆనకట్ట కట్టినప్పటినుంచీ ఈ డెల్టాలో కాలవలే రోడ్లు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ కదిలేది. "యానాంలో సముద్రమంత గోదారి చూపిస్తాను" అని చెప్పి తండ్రి ఆమెని పడవెక్కించాడట. పిల్ల సంబరపడింది. కాసేపు నీళ్లలో చెయ్యి పెట్టి ఆడుకుని, చల్లగాలికి తల్లి ఒళ్లో నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి తెల్లవారుతోంది, ఎవరిదో అరుగు మీద ఉంది, నుదుట బాసికం కడుతున్నారు.

ఇది అమ్మమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పిన కథే. అందులో నన్ను వదలని ముక్క ఒకటుంది. తాతమ్మ బతికినన్నాళ్లూ ఒకే మాట అనేదట, "ఆ వేళ పడవలో నేను నిద్రపోకుండా ఉండాల్సిందే" అని. మెలకువగా ఉంటే ఏం చేసేది? తొమ్మిదేళ్ల పిల్ల పడవలోంచి దూకేదా? అయినా అనేది. పధ్నాలుగేళ్లకి పుట్టిన మొదటి బిడ్డ పోయినప్పుడూ అదే అందట. ఆ తర్వాత ఎన్నడూ ఏ బండిలోనూ కన్ను మూయలేదు. బస్సెక్కినా రైలెక్కినా బిగుసుకుని, కిటికీలోంచి చూస్తూ, వచ్చే ఊరి పేరు అడుగుతూ కూర్చునేదట. అందరూ నవ్వేవాళ్లు.

ఒక మాట నేను దాచకూడదు. మాది పడవ మాట్లాడుకోగలిగిన ఇల్లు. చట్టం అంటే జంకూ, దాన్ని తప్పించుకోవడానికి డబ్బూ రెండూ ఉన్న ఇల్లు. ఆ తాడు లాగినవాళ్ల ఇళ్లలో ఆడపిల్లల పెళ్లిళ్లు ఎలా జరిగాయో మా అమ్మమ్మ కథలో లేదు. వాళ్ల పేర్లూ లేవు. నేను రికార్డు చేసుకోవాలనుకుంటున్న చరిత్రలో గట్టు మీద నడిచినవాళ్లు ఎక్కడా వినబడరు. ఇన్నేళ్లు ఆ కథ విని ఏడ్చాను గాని వాళ్ల గురించి అడగాలని నాకు తోచింది ఈ మధ్యనే.

తర్వాత అరవై ఏళ్లకి మళ్లీ ఇలాంటిదే జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1992కల్లా రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు ఒకటిన సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సాధించిన చట్టం అది. 1997లో ఎత్తేసేదాకా రెండేళ్లకి పైగా ఉంది. ఆ రెండేళ్లూ మా వైపు మగవాళ్లకి యానాం ఉండనే ఉంది. అది కూడా అక్కడ చెల్లని చట్టమే.

యానాం మీద నాకు కోపం లేదు. చక్కటి ఊరు, గోదావరి ఒడ్డున సాయంత్రం కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు మా వైపు లేదు. తప్పు ఊరిది కాదు. ఆడవాళ్ల కోసం వచ్చిన చట్టం ఎక్కడ ఆగిపోతుందో మగవాళ్లకి ఎప్పుడూ తెలుసు, అక్కడికి వెళ్లడానికి వాళ్లకి ఎప్పుడూ బండి దొరికింది. 1931లో పడవ దొరికింది, ఇవాళ ఏసీ కారు దొరికింది. "మిమ్మల్ని ఎవరు దింపుతారు" అని వాళ్లని అడిగినవాళ్లు లేరు. ఒక ఆడపిల్ల చదువుకోడానికి అదే దారిలో ఎదురు దిక్కుకి వెళ్తానంటే మాత్రం బండి లేదు, రోడ్డు బాగాలేదు, పొద్దుపోతుంది!

*

కాంప్లెక్సులో రెండు కాకినాడ బస్సులు ఉన్నాయి. ఒకటి నాన్‌స్టాప్, సగం ఖాళీ. ఇంకోటి ఎక్స్‌ప్రెస్, ఆడవాళ్లతో కిటకిటలాడుతోంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా బస్సు ఉచితం. నాన్‌స్టాప్‌కి అది లేదు. నాన్‌స్టాప్ ఎక్కితే అరగంట ముందు చేరతాను. నేను ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అరగంట కన్నా ఆ ముప్పై మంది ఆడవాళ్లే నాకు కావాలనిపించింది.

కండక్టరు ఆధార్ అడిగాడు. నాది హైదరాబాదు చిరునామా. "మేడంగారూ, ఇది మన రాష్ట్రం వాళ్లకేనండి. మీరు టికెట్ తీసుకోవాలండి" అన్నాడు. పక్కావిడ వెంటనే అందుకుంది. "ఏవయ్యా, పుట్టిల్లు ఇక్కడే అంటుంది కదా, కొట్టెయ్ జీరో టికెట్టు." వెనక సీటులోంచి ఇంకొకామె, "ఆడమనిషేనా కాదా అని చూడాలి గాని ఊరెందుకయ్యా!" అంది. అందరూ నవ్వారు. నేను డబ్బిచ్చి టికెట్ తీసుకున్నాను. యానాంలో ఉన్న మా మరదలి ఆధార్‌లో పుదుచ్చేరి చిరునామా ఉంటుందని అప్పుడు తట్టింది. పెళ్లికీ మందుకీ కలిసొచ్చిన సరిహద్దు ఆ పిల్ల చదువుకి మాత్రం టికెట్ అడుగుతుంది.

పక్కావిడ కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్తోంది. కూతురికి కాన్పు కష్టమై అక్కడ చేర్చారట. ఒళ్లో స్టీలు క్యారేజీ. "ఇదివరకైతే వారానికోసారి వెళ్లగలిగేదాన్ని. ఇప్పుడు రోజూ వేడన్నం పట్టుకెళ్తున్నాను" అంది. రాజానగరం దాటాక ఇద్దరు మగవాళ్లు ఎక్కారు, సీటు లేదు. "ఫ్రీ అనేసరికి ఊరికే తిరుగుతున్నారండీ వీళ్లు" అన్నాడొకడు, అందరికీ వినబడేలా.

ఊరికే తిరగడం. ముంబై రోడ్ల మీద ఆడవాళ్ల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో 'వై లాయిటర్' అని ఒక పుస్తకం రాశారు. ఆడది బయటికి రావాలంటే ఏదో ఒక పని చూపించాలి, పని లేకుండా ఊరికే నిలబడే హక్కు కూడా హక్కే అని వాళ్ల వాదన. నేను ఆ పుస్తకం మీద తరగతిలో పాఠం చెప్పాను. కాని ఆ బస్సులో నాకంటే బాగా చెప్పినావిడ క్యారేజీ పట్టుకున్నావిడే. "తిరుగుతాం బాబూ. ఇన్నాళ్లూ మీరు తిరిగేరు కదా, మేమేవన్నా అన్నావా?" అంది. ఆయన కిటికీ బయటికి చూశాడు.

పెద్దాపురం దగ్గర చీకటి పడింది. కాకినాడలో దిగేసరికి ఏడు దాటింది. అక్కడ నాకు నిజంగానే భయం వేసింది. మరుగుదొడ్డికి వెళ్లాలి, వెళ్లే దారిలో దీపం లేదు. యానాం బస్సు ఎన్నింటికో అడిగితే ఒకాయన ఉందన్నాడు, ఇంకొకాయన వెళ్లిపోయిందన్నాడు. ఫోన్లో మావయ్యవి ఆరు మిస్డ్ కాల్స్. ఆ ఇరవై నిమిషాలూ నేనూ ఏ సిద్ధాంతమూ ఆలోచించలేదు, ఆ ఏసీ కారు గుర్తొచ్చింది. ఈ మాట కూడా రాయాలి. ధైర్యం అనేది మన ఒక్కరి గుండెలో ఉండే వస్తువు కాదు. బస్టాండులో ఒక దీపం, ఆడవాళ్లకి ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, ఆఖరి బస్సు ఎన్నింటికో రాసి ఉన్న బోర్డు ఉంటే నా ధైర్యం రెట్టింపయ్యేది. ఆడపిల్లలని ధైర్యంగా ఉండమనేవాళ్లు ముందు వీటి గురించి మాట్లాడాలి.

బస్సు వచ్చింది. ఆసుపత్రి డ్యూటీ దిగిన ఇద్దరు నర్సమ్మాయిలు, చేపలు అమ్ముకుని ఖాళీ బుట్టలతో ఇళ్లకి వెళ్తున్న నలుగురు ఆడవాళ్లు. వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. చొల్లంగి దాటింది. కోరంగి దగ్గర మడ అడవుల మీంచి ఉప్పుగాలి తగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలీదు. "అమ్మా, యానాం వచ్చింది, లెగండి" అని బుట్ట ఒళ్లో పెట్టుకున్నావిడ తట్టి లేపింది. నా తల ఆమె భుజం మీద ఉంది.

*

స్టాపులో మావయ్య ఉన్నాడు. పక్కనే స్కూటరు మీద మా మరదలు. ఎనిమిదిన్నర దాటింది. మావయ్య మొహం గంటుపెట్టుకునే ఉంది. "ఆ కారువాళ్లు ఇంకా రానేలేదు, దారిలో ఎక్కడో ఆగారట" అన్నాడు, ఎవరితోనూ కానట్టు. పిల్ల నవ్వు ఆపుకుంటూ నా సూట్‌కేసు స్కూటరు ముందు పెట్టింది.

అమ్మమ్మ మెలకువగానే ఉంది. "ఎలా వచ్చేవే?" అని అడిగింది. ఎవరు దింపారే అని కాదు! పేర్లు మర్చిపోతున్న మనిషి ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగింది.

"బస్సులో అమ్మమ్మా. దారిలో నిద్ర కూడా పోయాను."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నిద్రపోయేవా?" అంది. మళ్లీ అడిగింది, "బస్సులో నిద్రపోయేవా?" ఆ రాత్రి రికార్డరు పెట్టాక ఆమె చెప్పింది పెళ్లి గురించి కాదు. మా తాతమ్మ రైల్లో నిద్రపోకుండా కిటికీ పట్టుకుని కూర్చునే తీరు గురించే గంటసేపు చెప్పింది. పడవ లాగినవాళ్ల గురించి నేను అడిగాను. "ఇద్దరుండేవారట" అంది, అంతే తెలుసు.

ఆ అర్ధరాత్రి, అందరూ పడుకున్నాక, 2011 నాటి కారు సంగతి మావయ్యకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. చెబితే పిల్ల చదువు ఆగుతుందేమోనన్న భయం అప్పుడూ ఉంది. కాని చెప్పకపోతే ఆమెని కూడా ఎప్పుడో 'మనవాళ్ల' కారే ఎక్కిస్తారు. మావయ్య ఏమీ అనలేదు. లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు. "మీ అమ్మకి తెలుసా?" అన్నాడు. తెలీదన్నాను. మళ్లీ ఏమీ అనలేదు.

సోమవారం పొద్దున్న ఆరింటికి నేనూ మా మరదలూ కాకినాడ బస్సెక్కాం. ఇద్దరం టికెట్లు కొన్నాం. హాస్టలుకి మావయ్య ఒప్పుకున్నాడు, "ఈ ఒక్క సెమిస్టరుకీ" అన్నాడు. తర్వాత సంగతి తర్వాత. స్టాపు దాకా వచ్చి, బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి "చేరాక ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు కూతురితో. ఎవరు దింపుతారు అని ఆ పూట అడగలేదు.

తాళ్లరేవు దాటేసరికి పిల్ల నిద్రపోయింది. పది రోజులుగా సరిగ్గా పడుకుని ఉండదు. నేను మెలకువగానే ఉన్నాను గాని ఆమెని లేపలేదు.